బీబీసీ మైక్రోకి ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డు: తెర మీద బొమ్మ ఎలా ఉంది, తగిలించే ముందు ఏం చెయ్యాలి

1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో మోడల్ బి దగ్గరుండి, ఇంట్లో ఇప్పటి టీవీ తప్ప ఇంకేమీ లేనివాళ్ళు ధైర్యంగా కొనుక్కోదగ్గ వస్తువు ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డు. పాత కంప్యూటర్ ఇచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) సిగ్నల్‌ని ఇప్పటి టీవీకి తగ్గ హెచ్‌డీఎంఐగా మారుస్తుంది. అరచేతిలో పట్టే చిన్న సర్క్యూట్ బోర్డు, దానికి తగిలించిన రాస్‌ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్. అంతే సరుకు. ఒక వైరు కంప్యూటర్ వెనక ఉన్న 6 పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్టులోకి, ఇంకో వైరు టీవీ హెచ్‌డీఎంఐలోకి. బొమ్మ కడిగిన ముత్యంలా వస్తుంది. ఇందులో పొగడ్త ఏమీ లేదు, కారణం కింద చెబుతాం.

కాకపోతే ఒక మెలిక ఉంది. ఈ బోర్డుకి విడిగా అడాప్టర్ ఉండదు. దానికి కావాల్సిన 5 వోల్టులూ ఆ డిన్ సాకెట్టులోంచే, అంటే కంప్యూటర్ పవర్ సప్లై నుంచే వస్తాయి. ఆ పవర్ సప్లై వయసు 40 ఏళ్ళు దాటింది. కాబట్టి ఈ రివ్యూలో సగం బోర్డు గురించి, సగం దాన్ని తగిలించే ముందు తప్పకుండా చెయ్యాల్సిన పని గురించి.

మోడల్ బి 1981 చివర్లో బ్రిటన్‌లో వచ్చింది. లోపల 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32కె ర్యామ్. మన దేశంలో ఈ యంత్రానికి ఇంకో జీవితం ఉంది. బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి 1984-85లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ పథకం కింద బడుల్లోకి వచ్చిన కంప్యూటర్లు ఇవే. తయారు చేసిన ఏకార్న్ దగ్గర లైసెన్సు తీసుకుని మన ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వీటిని 'ఎస్‌సీఎల్ యూనికార్న్' అనే పేరుతో ఇచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన తరానికి ఈ నలుపు, ఎరుపు మీటల కీబోర్డు గుర్తుండే ఉంటుంది. ఎవరి ఇంటి అటక మీదైనా ఒకటి దొరికితే, దయచేసి సరదాకి కూడా వెంటనే స్విచ్ వెయ్యకండి.

ముందు పవర్ సప్లై

కారణం రెండు చిన్న కెపాసిటర్లు. ఈ యంత్రాల్లో ఉండే ఆస్టెక్ కంపెనీ పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే చోటే, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, రీఫా కంపెనీ ఎక్స్2 రకం కెపాసిటర్లు రెండు ఉంటాయి. సీ1 విలువ 0.1 మైక్రోఫారడ్, సీ2 విలువ 0.01 మైక్రోఫారడ్. పైన తేనె రంగులో పారదర్శకమైన పూత, లోపల లోహపు పొర ఎక్కించిన కాగితం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత నెర్రెలిస్తుంది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. ఆ పగుళ్ళలోంచి తేమ లోపలికి వెళ్ళి కాగితం పీల్చుకుంటుంది. కోస్తా గాలిలో ఉన్న యంత్రం అయితే మరీను. స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకి ఆ కాగితం లోపల షార్టయి, టప్‌మని పేలి, గదంతా చేదు వాసన కొట్టే పొగ నింపుతుంది. చాలాసార్లు కంప్యూటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. అందుకే జనం దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. అది తప్పు. బ్రిటన్ ప్లగ్గులో లోపలే ఫ్యూజు ఉంటుంది, మన మూడు పిన్నుల ప్లగ్గులో ఉండదు. అక్కడ ప్లగ్గు ఫ్యూజు ఆపే ప్రమాదం ఇక్కడ గోడలోని తీగదాకా వస్తుంది.

పని ఇలా చెయ్యాలి. ప్లగ్గు పీకి కనీసం అరగంట ఆగండి. మూత మరలు నాలుగు. వెనక రెండు, అడుగున రెండు, పక్కన ఫిక్స్ అని రాసి ఉంటుంది. మూత తీశాక ఎడమ చేతి వైపు లోహపు పెట్టెలా కనిపించేదే పవర్ సప్లై. అడుగు నుంచి మూడు మరలు విప్పితే వస్తుంది. మదర్‌బోర్డుకి వెళ్ళే వైర్లు ఏడు: ఎరుపు మూడు, నలుపు మూడు, ఊదా ఒకటి. ఎరుపు 5 వోల్టులు, నలుపు సున్నా, ఊదా మైనస్ 5 వోల్టులు. అన్నీ ఒకే రకం స్పేడ్ క్లిప్పులు, ఏది ఎక్కడైనా పడుతుంది. తారుమారైతే చిప్పులు పోతాయి. పీకే ముందు ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోండి.

పెట్టె తెరిచాక మొదట పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టేజీ చూడండి. మన 230 వోల్టులు సరిచేశాక అక్కడ దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. చార్జి దిగకుండా వేలు పెడితే ప్రాణం మీదికి వస్తుంది. మీటరు 5 వోల్టుల లోపు చూపించేదాకా ఏదీ ముట్టుకోవద్దు.

మార్చాల్సినవి మూడు. సీ1, సీ2, వాటితోపాటు సీ9 అనే 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్. సీ9 ఎండిపోతే పవర్ సప్లై స్టార్ట్ అవడానికే మొరాయిస్తుంది. ఈ మూడూ కలిపి కిట్‌గా అమ్ముతున్నారు గానీ, అక్కర్లేదు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట విడిగా దొరుకుతాయి. దుకాణంలో 0.1 అని అడిగితే 400 వోల్టుల మామూలు పాలిస్టర్ కెపాసిటర్ చేతిలో పెడతారు. అది తీసుకోకండి. ఒంటి మీద ఎక్స్2 అనీ, 275 వోల్టుల ఏసీ లేదా అంతకంటే ఎక్కువ అనీ అచ్చయి ఉండాలి. ఎక్స్2 రకానికి లైన్లో వచ్చే వోల్టేజీ పోట్లు తట్టుకునే పరీక్ష ఉంటుంది, లోపల చిన్న చోట కాలినా ఆ పొర తనంతట తానే తెగి షార్టు ఆగిపోతుంది. మామూలు కెపాసిటర్‌కి ఆ హామీ లేదు. పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం అడగండి, అందులో కాగితం ఉండదు కాబట్టి రీఫా జబ్బు మళ్ళీ రాదు. కొనే ముందు బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలుచుకోండి. ఇప్పటి కెపాసిటర్లు చిన్నవి, కాళ్ళ దూరం సరిపోక వంచి పెట్టాల్సి వస్తే కాలికి ఇన్సులేషన్ స్లీవ్ తొడగాలి. సీ9కి మాత్రం ప్లస్ మైనస్ ఉన్నాయి, పాతది ఎటు ఉందో చూసి అటే పెట్టాలి.

తిరిగి బిగించే ముందు ఆ ఏడు స్పేడ్ క్లిప్పులనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వదులుగా ఉన్నవి నోస్ ప్లయర్‌తో కాస్త నొక్కండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, హెచ్‌డీఎంఐ బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందంటే ముందు చూడాల్సింది ఇక్కడే. పట్టు వదిలిన క్లిప్పు దగ్గర వోల్టేజీ పడిపోతుంది. కంప్యూటర్ నడుస్తుండగా మదర్‌బోర్డు మీద వీసీసీ, 0వీ గుర్తుల మధ్య కొలిస్తే 5 వోల్టులకి దగ్గరగా ఉండాలి. 4.8 కంటే తక్కువ ఉంటే బోర్డు తగిలించే ముచ్చట తర్వాత, ముందు ఆ క్లిప్పుల సంగతి తేల్చండి.

స్విచ్ వేశాక చెవి పెట్టండి. మొదట ఒక మొద్దు శబ్దం, వెంటనే బీప్ అని సన్నటి శబ్దం వస్తే యంత్రం బతికే ఉంది. మొదటి శబ్దమే ఆగకుండా మోగుతుంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవ్వలేదన్నమాట, బొమ్మ కోసం బోర్డు తగిలించి లాభం లేదు. సాకెట్లలో ఉన్న చిప్పులు ఒక్కొక్కటీ కొద్దిగా పైకి లేపి మళ్ళీ నొక్కితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఈ బోర్డు ప్రత్యేకత

బీబీసీ మైక్రో ఆర్‌జీబీ సాకెట్టులోంచి వచ్చే రంగులు డిజిటల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగలు, ఒక్కొక్కటీ ఉందా లేదా, అంతే. రెండును మూడుసార్లు గుణిస్తే 8 రంగులు. మధ్యస్థం అనేదే లేదు. బజారులో దొరికే మామూలు ఆర్‌జీబీ కన్వర్టర్లు, జీబీఎస్-8200 లాంటివి, ఈ తీగల్ని అనలాగ్ సిగ్నల్‌గా తీసుకుని, కొలిచి, మళ్ళీ అంకెలుగా మారుస్తాయి. ఆ కొలతలో అక్షరాల అంచులు మసకబారతాయి. పైగా 5 వోల్టుల సిగ్నల్‌ని 0.7 వోల్టులకి దించే రెసిస్టర్లు పెట్టకపోతే కన్వర్టర్ ఇన్‌పుట్టే దెబ్బతింటుంది.

ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అసలు కొలవదు. ప్రతి పిక్సెల్‌నీ అది ఉన్న క్షణంలోనే చదువుతుంది. బోర్డు మీద ఎక్స్‌సీ9572ఎక్స్‌ఎల్ అనే సీపీఎల్‌డీ (మనకి కావాల్సిన లాజిక్‌ని ప్రోగ్రాంగా ఎక్కించుకునే) చిప్పు 96 మెగాహెర్ట్జ్ గడియారంతో నడుస్తుంది. ఈ కంప్యూటర్ తెర పద్ధతుల్లో ఒకటైన మోడ్ 0లో పిక్సెళ్ళు 16 మెగాహెర్ట్జ్‌తో వస్తాయి కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి సరిగ్గా ఆరు అదనులు, అంటే చదవడానికి వీలైన క్షణాలు, దొరుకుతాయి. ఆ ఆరింటిలో పిక్సెల్ స్థిరంగా ఉండే అదను ఏదో వెతికి అక్కడే చదవడమే కాలిబ్రేషన్. చదివిన నాలుగు పిక్సెళ్ళని మూటకట్టి పై జీరోకి అందిస్తే, అది తన మెమరీలో పెట్టి హెచ్‌డీఎంఐలోకి పంపిస్తుంది. మధ్యలో లినక్స్ లాంటిది ఏదీ నడవదు. అందుకే స్విచ్ వేసిన కొన్ని సెకన్లలో బొమ్మ వస్తుంది, మీట నొక్కడానికీ తెర మీద కనిపించడానికీ మధ్య ఆలస్యం తెలియదు.

డిజైన్, సాఫ్ట్‌వేర్ రెండూ ఓపెన్ సోర్స్. రెడీగా అసెంబుల్ చేసింది కొనొచ్చు, ఖాళీ బోర్డు తెచ్చుకుని సొంతంగా కట్టుకోవచ్చు. సోల్డరింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా మా సలహా రెడీది కొనమనే. కాళ్ళ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్ల ఆ సీపీఎల్‌డీని అతకడం ఒక్క మధ్యాహ్నం పని, దాని కింద దాక్కున్న సోల్డర్ బ్రిడ్జిని వెతకడం వారం పని. పై జీరోకి 40 పిన్నుల హెడర్ ముందే అతికి ఉన్న రకం తీసుకుంటే ఇంకో తలనొప్పి తగ్గుతుంది. మీరే అతుకుతుంటే హెడర్ ఏ వైపు రావాలో బోర్డు బొమ్మలో చూసుకుని మరీ అతకండి. తప్పు వైపు అతికితే 40 పిన్నులూ విప్పడం అంటే పై జీరో మీద ఆశ వదులుకోవడమే.

తగిలించడం, సరిచెయ్యడం

చిన్న మైక్రో ఎస్‌డీ కార్డుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఈ బోర్డు సాఫ్ట్‌వేర్ ఫైళ్ళని జిప్ విప్పి నేరుగా కార్డులోకి కాపీ చెయ్యాలి, ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టకూడదు. సీపీఎల్‌డీ ఖాళీగా ఉంటే బోర్డు తనంతట తానే రికవరీ మెనూ చూపిస్తుంది, అక్కడి నుంచే ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు, విడిగా ప్రోగ్రామర్ కొననక్కర్లేదు. ప్రొఫైల్ జాబితాలో బీబీసీ మైక్రో ఎంచుకోవాలి. పై జీరోకి ఉన్నది మినీ హెచ్‌డీఎంఐ, మైక్రో కాదు. పొరపాటు వైరు తెప్పించుకుని మళ్ళీ వారం ఎదురుచూడకుండా ముందే చూసుకోండి.

కంప్యూటర్ వేడెక్కేదాకా 15, 20 నిమిషాలు ఆగి కాలిబ్రేట్ చెయ్యడం మంచిది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా కుదిరిన అదను, చిప్పులు వేడెక్కాక కాస్త జరుగుతుంది. తెర నిండా అక్షరాలు నింపి, బొమ్మ కదలకుండా ఉంచి మెనూలో ఆటో కాలిబ్రేట్ నొక్కాలి. ప్రతి అదను దగ్గరా వరస ఫ్రేములు పోల్చి, తేడాలు తక్కువ వచ్చినది అదే ఎంచుకుంటుంది. ఖాళీ తెర మీద చేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు, ఏదో ఒకటి ఎంచుకుంటుంది. తర్వాత సేవ్ చెయ్యడం మరిచిపోకండి.

ఈ పని రెండుసార్లు చెయ్యాలి. చాలామంది తడబడేది ఇక్కడే. యంత్రం స్విచ్ వెయ్యగానే వచ్చేది మోడ్ 7, అంటే టెలిటెక్స్ట్ (పాత టీవీల్లో అక్షరాల పేజీలు చూపించిన పద్ధతి) తెర. దాన్ని గీసేది ఎస్‌ఏఏ5050 అనే వేరే చిప్పు, దాని గడియారం 6 మెగాహెర్ట్జ్. యంత్రంలోని అసలు క్రిస్టల్ 16 మెగాహెర్ట్జ్. పదహారులోంచి ఆరు సమంగా రాదు, లాజిక్ గేట్లతో సర్ది తీస్తారు, అందువల్ల పిక్సెళ్ళ వెడల్పు ఒకేలా ఉండదు. దీనికోసం బోర్డులో మోడ్ 7కి విడిగా అదనులు దాచుకునే ఏర్పాటు ఉంది. మోడ్ 7లో ఒకసారి, మోడ్ 0లో ఒకసారి కాలిబ్రేట్ చేసి రెండూ సేవ్ చెయ్యండి. మోడ్ 7లో బొమ్మ ఇంటర్‌లేస్ కూడా. గుండ్రటి అక్షరాల వంపులు ఒక ఫ్రేములో సగం, ఇంకో ఫ్రేములో సగం వస్తాయి. పాత గాజు తెర మీద అవి కలిసిపోయేవి, ఎల్‌సీడీ మీద వణుకుతాయి. మెనూలో డీఇంటర్‌లేస్‌ని మోషన్ రకానికి మారిస్తే నిలబడ్డ అక్షరం నిలబడే ఉంటుంది, కదిలేది కదులుతుంది. ఆ టెలిటెక్స్ట్ అక్షరాల నునుపు ఇంత బాగా చూపించే పరికరం ఇంకోటి లేదని గట్టిగానే చెప్పొచ్చు.

రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో తేల్చడానికి ఐదు లైన్ల బేసిక్ ప్రోగ్రాం చాలు. మోడ్ 2లోకి వెళ్ళి, 0 నుంచి 7 దాకా ఒక్కో రంగునీ వెనక రంగుగా పెట్టి ఒక పట్టీ గియ్యండి. వెనక రంగుకి 128 కలపాలి. వరస ఇలా రావాలి: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, మెజెంటా, సయాన్, తెలుపు. ఎరుపు తీగ అందకపోతే రెండో పట్టీ నల్లగా, పసుపు పట్టీ ఆకుపచ్చగా, తెల్ల పట్టీ సయాన్‌గా మారతాయి. తెలుపు మెజెంటాగా కనిపిస్తే పోయింది ఆకుపచ్చ తీగ. తెలుపు పసుపైతే నీలం తీగ. ఈ మూడింట్లో ఏది కనిపించినా నూటికి తొంభైసార్లు డిన్ ప్లగ్గులోనో, 40 పిన్నుల హెడర్‌లోనో డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోని సోల్డర్. సాకెట్టు పిన్నులు 1, 2, 3 వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం. 4 సింక్, 5 సున్నా, 6 ఐదు వోల్టులు. వైరు రెండు చివర్లా కంటిన్యూటీ చూసుకోండి. 5, 6 మధ్య షార్టు లేదని కూడా ఆ చేత్తోనే చూడండి.

రంగులన్నీ సరిగ్గా ఉండి, మోడ్ 0లో మాత్రం అక్కడక్కడా పిక్సెళ్ళు మినుకుమంటుంటే బోర్డుని తిట్టకండి. కంప్యూటర్‌లో బొమ్మ సిగ్నల్ తయారుచేసే పాత ఫెరాంటి వీడియో యూఎల్‌ఏ చిప్పు బాగా వేడెక్కుతుంది, దాని మీద హీట్ సింక్ ఊడిపోయి ఉండొచ్చు, సాకెట్టు పట్టు వదిలి ఉండొచ్చు. అదే తెర మోడ్ 1లో నిలకడగా ఉండి మోడ్ 0లోనే మెరుస్తుంటే అనుమానం చిప్పు మీదే.

టీవీ 50 హెర్ట్జ్ సిగ్నల్‌ని, అంటే సెకనుకి 50 సార్లు వచ్చే బొమ్మని, ఒప్పుకోవాలి. మన ఇళ్ళలో టీవీలు చాలావరకు ఒప్పుకుంటాయి. చవక కంప్యూటర్ మానిటర్లు కొన్ని 60 మాత్రమే ఒప్పుకుంటాయి. అప్పుడు బొమ్మ వస్తుంది గానీ, పక్కకి జరిగే ఆటల్లో ప్రతి కొన్ని ఫ్రేములకీ ఒక కుదుపు కనిపిస్తుంది. 50 ఒప్పుకునే తెర ఉంటే జెన్‌లాక్ ఆన్ చెయ్యండి. బోర్డు తన హెచ్‌డీఎంఐ గడియారాన్నే కంప్యూటర్‌కి తగ్గట్టు సర్దుకుంటుంది, కదలిక నీళ్ళలా సాగుతుంది. 1080 గీతల తెర మీద కంప్యూటర్ ఇచ్చే 256 గీతల్ని నాలుగింతలు చేస్తే 1024, పైనా కిందా సన్నటి నల్ల అంచులు మిగులుతాయి. ఈ పూర్తి అంకె సైజులో బొమ్మ 4:3 కన్నా కొంచెం సన్నగా ఉంటుంది. చాలామందికి తేడా తెలియదు. వలయాలు వలయాల్లాగే కనపడాలనుకుంటే మెనూలో సైజు మార్చుకోవచ్చు, అప్పుడు నిలువు అంచుల పదును కొద్దిగా తగ్గుతుంది.

బోర్డు మీద చిన్న బటన్లు ఉంటాయి. ఒక దాంతో తెర బొమ్మని నేరుగా ఎస్‌డీ కార్డులోకి తీసుకోవచ్చు. పాత బడి క్యాసెట్ల నుంచి ప్రోగ్రాములు రక్షించే పనిలో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద సాయం, లిస్టింగులు ఫోన్‌తో వంకరగా ఫోటోలు తీసుకునే బాధ తప్పుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. మెనూ మూడు బటన్లతోనే తిప్పాలి, వరసలు లోతుగా ఉన్నాయి, కొత్తవాళ్ళు తప్పిపోతారు. పెట్టె లేకుండా అమ్మే బోర్డులు కొన్ని ఉన్నాయి. హెచ్‌డీఎంఐ వైరు బరువంతా పై జీరో మినీ సాకెట్టు మీద వేలాడితే కొన్నాళ్ళకి అది బోర్డు నుంచి లేచిపోతుంది. పెట్టె తప్పకుండా తీసుకోండి, లేదా వైరుని బల్లకి కట్టండి. మన దేశానికి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిసి బోర్డు ధరకి దగ్గరగా వచ్చే అవకాశం ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకుంటే నయం.

ఏకార్న్ ఎలక్ట్రాన్‌కీ ఇదే బోర్డు పనికొస్తుంది, ఆర్‌జీబీ సాకెట్టు అదే పద్ధతి. సింక్లెయిర్ 48కె స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి మాత్రం ఈ డిజిటల్ రకం తీసుకోకండి, అందులోంచి వచ్చే సిగ్నల్ అనలాగ్, దానికి అనలాగ్ బోర్డు కలిపిన రకం కావాలి. అమిగా కంప్యూటర్‌కి 12 బిట్ల రకం వేరే ఉంది, అది దాని వీడియో చిప్పు డెనీస్ సాకెట్టులో కూర్చుంటుంది. దగ్గర బాగా పనిచేసే మైక్రోవిటెక్ కబ్ మానిటర్ ఉన్నవాళ్ళకి దీని అవసరం లేదు. ఆ డబ్బుతో రీఫాలు మార్చి, మానిటర్ లోపల కూడా అవే ఉన్నాయేమో చూపించుకోండి.